నెత్తిన రెండు నల్లపట్టీలు

"అత్తా, గుడ్డలు నడుస్తాండాయి!" అని నేను పెట్టిన కేకకు మా అత్త చేతిలోని ఇత్తడి చెంబు జారి గట్టు మీద పడింది.

నడిచేవి గుడ్డలు కావు. కానీ ఆ మంచులో నా కళ్లకు అంతకంటే మంచి సంగతి తోచలేదు. ముందురోజు పొద్దుగూకే వేళ నేనూ అత్తా మా శనగచేను మీద పాత తెల్లపంచె ముక్కలు పరిచి వచ్చాం. శనగాకులో ఒక పులుపు ఉంటుంది. చలికాలం రాత్రి కురిసే మంచుకు అది కరిగి గుడ్డకు పడుతుంది. తెల్లారి ఎండ తగలకముందే పోయి గుడ్డలు పిండుకుంటే, నాలుక కొసన వేసుకున్నా పళ్లు జివ్వుమనే శనగపులుసు చెంబులోకి దిగుతుంది. సీసాకెత్తి పెట్టుకుంటే ఏడాది పొడుగునా ఇంట్లో కడుపునొప్పికి అదే మందు. ఆదోనిలో పుట్టి పెరిగిన నాకు ఆ పని కొత్త, ఆ చలి కొత్త, ఏటిగట్టు మంచు మరీ కొత్త. చేనంతా తెల్లతెల్లగా పరుచుకున్న మంచులో గుడ్డలు మెల్లగా కదులుతుంటే ఒళ్లు ఝల్లుమంది.

చెంబు చప్పుడుకు ఆ గుడ్డలన్నీ మెడలెత్తాయి. పొడుగాటి మెడలు. ఒకటి "ఆంగ్" అంది. ఇంకొకటి "ఆంగ్ ఆంగ్" అంది. ఆ తర్వాత మా చేనే లేచిపోతోందా అన్నంత రెక్కల చప్పుడు. మా తలల మీదుగా, కాళ్లు అందుకోవచ్చునేమో అన్నంత కిందుగా, ఒక మంద తుంగభద్ర వైపు ఎగిరిపోయింది. నేను ఎందుకో ఎగిరి గంతేశాను. చేతులు కూడా చరిచానని తర్వాత మా అత్త పదిమందికీ చెప్పి నవ్వించింది. ఆవిడ మాత్రం ఆ గట్టు మీదే నిలబడి రెండు చేతులూ జోడించింది.

"హంసలు పాపా," అంది. "మన సేన్లో హంసలు దిగినాయి."

నాకు హంసల మీద పగేమీ లేదు. కానీ ఆ చేను సంగతి చెప్పకపోతే నా ఆరాటం ఎవరికీ అర్థం కాదు. మా అత్త మా నాయనకు తోడబుట్టిన అక్క. ఆమెది మాధవరం పక్కనే, ఏటిగట్టు మీది పల్లె. మా నాయన వయసులో ఉండగానే ఆదోని చేరి దూదిమిల్లులో పనికి కుదిరాడు. మా అమ్మా అక్కడే గింజ తీసే మరల దగ్గర పని చేసింది. ఆ దుమ్ము పీల్చి పీల్చి నాకు బుద్ధి తెలిసేసరికే ఆమెకు దగ్గు. నన్ను ఈ అత్త కొడుక్కే, మా బావకు, ఇచ్చినప్పుడు నేను మనసులో మొక్కుకున్న మొక్కు ఒకటే, మళ్లీ ఆ దుమ్ములోకి పోకూడదని.

మా బావకున్నది ఏటి పక్క నల్లరేగడి చెక్క ఒకటి. ఏళ్ల తరబడి బీడుపడి కంపచెట్లు మొలిచిన నేల. ఆ ఏడు ఇద్దరమూ చేతులు గీరుకుపోయేలా కంప కొట్టి, దున్ని, వాన వెనకబడ్డా ధైర్యం చేసి పప్పుశనగ విత్తాం. "ఇది సేతికొస్తే ఈడే బతుకుదాం. రాకుంటే మాత్రం మీ నాయన సెప్పిన మిల్లుపనికి పోదాం," అని బావ విత్తనంనాడే తేల్చి చెప్పాడు. అప్పట్నుంచి ప్రతి మొలకా నన్ను పేరుపెట్టి పిలుస్తున్నట్టే ఉండేది.

ఎండ ఎక్కాక చూస్తే ఏటివైపు చెక్కలో ఒక పట్టీ మేర శనగ గొర్రెలమంద పడినట్టుగా ఉంది. కొన్ని చోట్ల కొనలు మాత్రం కొరికాయి. కొన్ని చోట్ల మొదలంటా లాగేశాయి. ఆకుపచ్చటి పెంటికలు ఎక్కడికక్కడ. బావ ఇంటికి పోయి, జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల తెచ్చాడు. అత్త ఆ వడిసెల లాక్కుని రొండిన దోపుకుంది.

"హంసను రాయి పెట్టి కొడితే సరస్వతమ్మ ఇంట్లో నిలవదు," అంది.

"మనింట్లో సరస్వతి యాడుందమ్మా, నాకు సంతకమే రాదు," అన్నాడు బావ.

ఆవిడ మాత్రం మెట్టు దిగలేదు. ఇంటికి పోయి దేవుడి గూట్లోంచి దీపపు సెమ్మె తెచ్చి, దాని కొసన ఉన్న ఇత్తడి హంసను మాకు చూపించింది. ఇదో మెడ, ఇదో ముక్కు, ఇంకేం కావాలంది. ఆ సెమ్మె మీద హంస మెడ ఎస్ గుర్తులా మెలిక తిరిగి ఉంది. ఎగిరిపోయిన పక్షుల మెడలు నిలువుగా కర్రల్లా ఉన్నాయి. అదే నేను అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నది అత్త. నేనూ ఆ ఇంటి పిల్లనే, నా కుందేలుకూ మూడే.

ఆ వారం మా ఇంట్లో జరిగిన వాదాలకు లెక్క లేదు. ఎగువన ఏటికి ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపిన కొత్తలవి. దిగువన మాకు ముందెన్నడూ లేనంత విశాలంగా ఇసుకదిబ్బలు తేలాయి. పక్షులు పగలంతా ఆ దిబ్బల మీద ఒంటికాలి మీద కునుకుతూ, పొద్దుపోయేటప్పుడూ తెల్లారేటప్పుడూ మా చేలోకి దిగేవి. ఊళ్లో ముసలివాళ్లెవరూ వాటిని ముందు చూసి ఎరగరు. ఒకాయన కొంగలన్నాడు. కొంగ చేపను తింటుంది గాని శనగ మేస్తుందా? ఇంకొకాయన బట్టమేక పిట్టలన్నాడు. బట్టమేక బీళ్లలో తిరుగుతుంది, ఏట్లో దిగదు. అట్లా ఒక్కొక్క పేరూ కొట్టేస్తుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. చేను పోతుందన్న భయం ఒక పక్క, అవేమిటో తెలుసుకుని తీరాలన్న పిచ్చి ఇంకో పక్క. నిజం చెప్పాలంటే, పిచ్చిదే పైచేయి.

హంసల మాట ఊరు దాటింది. ఎమ్మిగనూరు సంతకు పోయే బండ్లు మా చేని పక్కన ఆగడం మొదలైంది. ఆడవాళ్లు కొబ్బరికాయలు కొట్టారు. ఊదుబత్తులు శనగసాళ్లలో గుచ్చారు. మగవాళ్లు ఇంకా దగ్గరగా చూడాలని చేలో అడ్డం పడి నడిచారు. పక్షులు మేసినంత మేసిపోయేవి, భక్తులు తొక్కినంత తొక్కిపోయేవాళ్లు. "ఓయప్పా, గట్టు మీద నడువు!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒకాయన నన్నే చూసి, "దేవుడు నీ సేన్లోకి వస్తే కసురుతావేంటమ్మా?" అని బుద్ధి చెప్పాడు. దేవుడైతే ఒక్క చేనే ఎందుకు మేస్తాడు, అన్ని చేలూ సమంగా మేయడా అని నేను అడిగాను. ఆయన నా సాల్లోనే ఇంకో ఊదుబత్తి గుచ్చాడు.

అప్పుడే మా అత్త పరీక్ష పెట్టింది. పాలూ నీళ్లూ కలిపి పెడితే హంస పాలు మాత్రం తాగి నీళ్లు వదిలేస్తుందని పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ పూట మాకు మజ్జిగకు లేకుండా చేసి, వెడల్పాటి గిన్నెలో పాలూ నీళ్లూ సగం సగం పోసి, పొద్దుగూకేముందు చేని మధ్యలో పెట్టి వచ్చింది. మేమంతా కంపచాటున కూర్చున్నాం. పక్కచేను అక్క కూడా వచ్చింది. వాళ్లు కిరస్తానీలు, గిన్నె సంగతి ఆమెకు భలే వేడుక.

పక్షులు దిగాయి. గిన్నె పక్కనుంచే నడిచిపోయాయి, ఒక్కటీ దానివైపు తల తిప్పలేదు. కాసేపటికి ఊరకుక్క ఒకటి గట్టెక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, చప్పుడు చేస్తూ తాగింది.

"అత్తా, మీ హంస పాలూ తాగె, నీళ్లూ తాగె, గిన్నె గూడా నాకె!" అంది అక్క. "మా దేవునికి పావురం ఒకటే. దానికి ఈ తిప్పలేం లేవమ్మా."

మా అత్తకు కూడా నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా, "మనుషుల వాసన తగిలి తాగలేదు. హంసకు సిగ్గు ఎక్కువ," అని మాత్రం మాట వదల్లేదు.

ఇక దగ్గరికి పోయి చూస్తే తప్ప తేలదని నాకు అర్థమైంది. మనిషి కనపడితే అంత దూరానే లేచిపోతాయి. కానీ అక్కవాళ్ల బర్రె మేస్తూ మేస్తూ వాటి మధ్యకు పోయినా అవి చీమంతయినా బెదరడం లేదని నేను రెండుపూటలు గమనించాను. మర్నాడు తెల్లారకముందే ఆ బర్రెను అడిగి తీసుకున్నాను. నల్లకంబడి కప్పుకుని, నడుము వంచి, దాని పక్కటెముకలకు ఆనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ బయల్దేరాను. బర్రె మహా నిదానం. రెండడుగులు వేసి ఒక్క బుక్క శనగ పీకడం, నమలడం, మళ్లీ రెండడుగులు. ఆ దారిలో అది తిన్న నా శనగను తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. నడుము విరిగిపోతోంది.

బర్రె కడుపు కిందినుంచి చూశాను. ఎంత దగ్గరో! చెయ్యి చాపితే తోక అందేలా ఉంది. ఒళ్లంతా బూడిద రంగు, లేత మబ్బు రంగు. తల తెలుపు. ఆ తెల్లటి తల మీద, వెనకవైపు, అడ్డంగా రెండు నల్లపట్టీలు, నుదుట పెట్టే సాదు చుక్కను వేలితో సాగదీసినట్టు. పై పట్టీ ఒక కంటి నుంచి ఇంకో కంటిదాకా పోతుంది, కిందిది దానికంటే చిన్నది. మెడ పక్కన తెల్లటి గీత. ముక్కు పసుపు, కొసన నలుపు. కాళ్లు పండిన నారింజ తొక్క రంగు, వేళ్ల మధ్య తోలు. కొన్నింటి తల మీద పట్టీలే లేవు, నెత్తి అంతా బూడిద రంగు. ఇవి రెండు జాతులా అని నాకు అయోమయం వేసింది. అంతలో పట్టీలున్న ఒక పెద్ద పక్షి మెడ చాచి, తల నేలకు వంచి, నా బర్రె మీదికి బుస్సుమంటూ వచ్చింది.

ఆ బుస నాకు తెలుసు! ఆదోనిలో మిల్లుదొర బంగళాలో పెద్ద బాతులు ఉండేవి. కాపలా కుక్కల కంటే అవే నయం. మెడ నేలకు పెట్టి బుసకొడుతూ తరుముతుంటే మేము పిల్లలం గోడ దూకి పారిపోయేవాళ్లం. అదే వంపు, అదే బుస, అదే కుదుపు నడక. గడ్డిని పక్కకు తిప్పి కొరకడం కూడా అదే. కాకుంటే ఇవి బంగళాలో పుట్టినవి కావు, ఆకాశంలో ఎగిరేవి.

"బాతులే! అడివి బాతులే!" అని అరుస్తూ కంబడి విసిరేసి నిలబడ్డాను. మంద లేచింది. బర్రె బెదిరి నన్ను తోసేసింది. మట్టిలో వెల్లకిలా పడి, నా మీదుగా పోతున్న ఆ నారింజరంగు కాళ్లను చూస్తూ నేను పగలబడి నవ్వాను. అంత సంతోషం నా పెళ్లిలోనూ పడలేదంటే మా బావ అలిగేవాడు.

ఊళ్లోకి పరుగెత్తిపోయి, రచ్చకట్ట దగ్గర ఉన్నవాళ్లందరికీ చెప్పాను. కాలి తోలు చెప్పాను, ముక్కు చెప్పాను, బుస కొట్టి చూపించాను. పక్షి గురించి అంత వివరంగా చెప్పేసరికి జనం నమ్మారు. బావ ముఖం వెలిగింది. ఇంటికి పోతే అత్త వాకిట్లోనే ఉంది. రొండిన దోపుకున్న వడిసెల తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు దగ్గర్నుంచి సూసినావు గదా," అని లోపలికి పోయింది. గెలిచానన్న పొగరులో ఆమె ముఖం నేను సరిగా చూడలేదు.

కొరివితో తల గోక్కున్నానని తెలియడానికి ఒక్క పూట పట్టింది. హంసలైనన్నాళ్లూ మొక్కిన ఊరు, బాతులని తేలేసరికి కూర సంగతి మాట్లాడింది. మసాలా ఎంత పడతాది, ఒక్కోటి ఎన్ని వీశెలు తూగుతాది, ఇవే మాటలు. దేవనకొండ తట్టునుంచి ఒకాయన మా వీధిలోని వాళ్ల అక్క ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి ఉన్నాడు. ఆయన దగ్గర నాటు తుపాకీ ఉంది. పొద్దున్నే ఒక దెబ్బకు నాలుగు పడగొడతానని పందెం కట్టాడు. బావ సరేనన్నాడు. రెండు పేల్చులు పేలిస్తే మంద మళ్లీ ఈ దిక్కు చూడదు, చేను దక్కుతుంది. నేనూ సరేనన్నాను. ఎందుకనను? నా చేను అది.

తెల్లారేసరికి నేను కంపచాటున వడిసెలతో కూర్చున్నాను. ఆయన నాకు కొంచెం ముందు, గట్టు వారన పడుకుని ఉన్నాడు. పక్షులు దిగాయి. ఇంకా కాస్త దగ్గరికి రానీ అని ఆయన సైగ చేశాడు. చేసేదేమీ లేక నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

నిన్నటి అయోమయం మళ్లీ మొదలైంది. పట్టీలు లేనివి ఏమిటి? చూడగా చూడగా, అవి ఎప్పుడూ విడిగా లేవు. పట్టీలున్నవి రెండు, వాటి మధ్య పట్టీలు లేనివి మూడో నాలుగో. అక్కడా అంతే, ఇక్కడా అంతే. మధ్యలోవి తలవంచి మేస్తుంటే, ఒక పక్క పెద్దది మేయకుండా మెడ నిక్కించి నలుదిక్కులూ కాస్తోంది. ఒక బూడిదతలది కాస్త దూరం పోతే, రెండో పెద్దది పోయి మెడతో దాన్ని లోపలికి తోసింది. రెండు జాతులు కాదు! బూడిదతలవి పిల్లలు. ఈ ఏటి పిల్లలు. ఇంకా పట్టీలు రాలేదు. చేలో ఉన్నది మంద కాదు, సంసారాలు. ఒక్కొక్క ఇల్లూ విడివిడిగా కూర్చుని బువ్వ తింటున్నట్టు తింటున్నాయి.

తుపాకీ గొట్టం ఒక బూడిదతల వైపు తిరిగింది.

"హంసలప్పా! కొట్టొద్దు! హంసలు!" అని నేను కంపచాటునుంచి లేచి అరిచాను. వడిసెల గిరగిరా తిప్పి రాయి ఆకాశంలోకి విసిరాను. మంద అంతా ఒక్కసారిగా లేచింది. తుపాకీ పేలలేదు.

ఆయన మండిపడుతూ వచ్చాడు. "నిన్న ఊరంతా తిరిగి బాతులని సెప్పింది నువ్వే గదమ్మా?"

"నిన్న సరిగ్గా సూల్యా. ఈ పొద్దు సూసినా."

"ఏం సూసినావు?"

ఏం చెప్పను? సంసారాలున్నాయని చెబితే ఆయన వింటాడా? కోడిపెట్టకు పిల్లలు లేవా, దాన్ని కోసుకోమా అంటాడు. "నెత్తిన నల్లగా అంగారం బొట్టు పెట్టుకుని తిరిగేవి బాతులా?" అన్నాను. "మంత్రాలయం పోయే దావలో ఆచార్ల నుదుట సూడలేదా? యాడికో పోతా పోతా మన సేన్లో దిగినాయి. కొడితే మటుకు ఆ పాపం నీకే." మంత్రాలయం పేరు ఎత్తేసరికి ఆయన తుపాకీ దించేశాడు. మొన్నటిదాకా కాదన్నదానిని నేనే ఒప్పుకుంటే ఊరు ఇంకేం అనుమానిస్తుంది? మా అత్త మాటకంటే నా మాటకే ఎక్కువ మొక్కింది.

బావ మాత్రం గట్టు మీద నిలబడి నావైపే చూస్తున్నాడు. "ఇంక వాటిని ఎవరూ తోలేదానికి ల్యా. సేను మీద ఆశ ఇడిసిపెట్టు," అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. మా అమ్మ దగ్గు చెవుల్లో వినపడింది. అయినా, అరిచినందుకు నాకు విచారం లేదు. ఆ రెండూ ఒకే గుండెలో ఎట్లా పట్టాయో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అత్త అడిగింది. "నిజం సెప్పు పాపా. ఏంటివి అవి?"

"బాతులే అత్తా. పిల్లాజెల్లాతో వచ్చినాయి."

"మరి హంసలని ఎందుకు అరిస్తివి?"

"బాతులంటే ఆగుతాడా?"

ఆవిడ కంచంలో నాకు ఇంకో ముద్ద వేసింది.

పక్షులు పుష్యం దాకా వచ్చిపోయాయి. ఏటివైపు చెక్క బోడిగుండు అయింది. కానీ మిగతా చేలో అవి కొనలు మాత్రమే కొరికిన చోటల్లా, మా ఆడవాళ్లం కూరాకు కోసం శనగ కొనలు గిల్లితే ఎట్లా గుబురుకడుతుందో అట్లాగే మొక్క పక్కకొమ్మలు వేసింది. పక్కచేను అక్క వచ్చి చూసి, "గిల్లేదానికి మనం కూలోళ్లను పెట్టాల. నీకు ఊరికే గిల్లిపోయినాయి గదే!" అంది. కాయ బాగా పట్టింది. కోసి, ఎండబెట్టి, కళ్లంలో కొట్టి, గింజ తూర్పారబట్టి గోనెలకెత్తిన రోజున బావ ఆదోని మాట ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు. అత్త అది హంసల దీవెన అంది. ఈసారి నేను వాదించలేదు.

మరుసటేడు వాన పడ్డాక బావ గొర్రు కట్టాడు. పైచేను అంతా విత్తి, ఏటివైపు చెక్క దగ్గరికి వచ్చి ఎద్దుల్ని ఆపాడు.

"ఈడ ఏసిన విత్తనం దండగే గదా. ఇడిసేద్దామా?" అన్నాడు.

"యాడనుంచో అంత దూరం పిల్లల్ని ఎంటేసుకుని వస్తాయి బావా," అన్నాను. "వచ్చేసరికి ఏదో ఒకటి ఉండాల గదా."

ఆయన ఎద్దుల్ని అదిలించి ఏటివైపు సాలు మొదలుపెట్టాడు. నేను కొంగులో శనగలు పోసుకుని గొర్రు మీది జడిగం గిన్నెలో వేస్తూ ఆయన వెనకే నడిచాను.